దిష్టి తగిలిన లాప్‌టాప్

ధవళేశ్వరం

చిరంజీవి వీరదుర్గకి, నీ పెద్ద తోటికోడలు దీవించి రాస్తున్నది.

నువ్వు వదిలేసి వెళ్లిన లాప్‌టాప్‌కి వైఫై వస్తోందా అని మీ ఆయన చేత అడిగించావట. ఫోన్‌లో చెప్పే మాట కాదని కాగితం మీద పెడుతున్నాను. నువ్వు యానాంలో మీ పుట్టింటికి వెళ్లిన రోజు నుంచీ చక్కగా వస్తోందమ్మా. మా అమ్మాయి దేవిశ్రీ దాంట్లో పాఠాలు వింటోంది.

ఇంట్లో అందరి ఫోన్లకీ నెట్ వచ్చి, నీ లాప్‌టాప్‌కే రాకపోతే ఎంత ఏడ్చావో! రూటర్ ఆపి ఆన్ చేశావు, పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టావు. రిపేరు షాపులో బాగానే వచ్చింది, ఇంటికి తేగానే పోయింది. దిష్టి తగిలిందని అత్తయ్యగారు తేల్చేశారు. ఉప్పూ మిరపకాయలూ దాని చుట్టూ తిప్పింది నేనే. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని బ్లాక్ చేసిందీ నేనే. పది రోజులు చూసి మీ కంపెనీవాళ్లు నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారు.

నువ్వు ఇంట్లోనే తలుపేసుకుని ఆఫీసు పని చేస్తుంటే, "చదువుకున్న పిల్ల, కదిలించకమ్మా" అంటూ అత్తయ్యగారు నా చేతే నీకు కాఫీ పంపేవారు. నాదీ కంప్యూటర్స్ డిగ్రీయేనని పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఏం చదివావక్కా అని నువ్వూ ఒక్కసారి అడగలేదు.

ఈ ఉత్తరం మీ ఆయనకి చూపించు. అత్తయ్యగారికీ ఫోన్ చేసి చదివి వినిపించు. పెద్దకోడలికి రూటరంటే ఏంటో తెలుసా అని అందరూ నవ్వుతారు.