కొమ్మకు తగిలించిన బిళ్ళ

అక్టోబరు 17, 1964
చెన్నూరు దాటి అడవిలో, వాగు ఒడ్డున దిగాం. నేను, రాజం, దానియేలన్న. రెండు రోజులు బొగ్గు మొహం చూడనక్కర్లేదు.

బయలుదేరేటప్పుడు రాజం భార్య లక్ష్మి — "ఆయినె దుడుకోడు. జర కనిపెట్టుండు అన్నా." ఐదేండ్ల సంది బొగ్గుబాయిల నా జోడీ, నాకు చెప్పేదేందమ్మా అన్నాను.

గనిలో మా ముఠా పెద్ద దానియేలన్న, ఇక్కడా సర్దారుగిరీ మానడు. గనిలో లాగే హాజరు పెట్టాడు. బయటికి పోయేవాడు తన గని నంబరున్న ఇత్తడి బిళ్ళను ఇప్పచెట్టు కొమ్మకు తగిలించాలి, తిరిగొచ్చి తీసుకోవాలి. "బిళ్ళ ఉన్నదంటే మనిషి లోపలున్నట్టే. మనిషి రానిది జాగ ఇడువద్దు."

ఉప్పు తేవడం నేనే మరిచాను. తిట్లు తిన్నాను, చప్పిడి చేపలు తిన్నాను.

అక్టోబరు 18
రాజం దుప్పటి భుజాన వేసుకొని వాగు అవతలికి పోయాడు — దుప్పటితో చేపలు పడతాడట. నేను కట్టెలకు పోతున్నాను. కొమ్మకు రెండు బిళ్ళలు. పైన కొండల్లో మబ్బు...

అదే రోజు, దగ్గరి గూడెంలో
వరుసగా రాయాలి.

కట్టెలతో తిరిగొచ్చాను. పైన వాన, వాగు ఎర్రబడి పొంగుతోంది. గిన్నెలు మూటకడుతున్న దానియేలన్న తలెత్తి కొమ్మను చూశాడు. "ఖాళీ. రాజం గూడ వచ్చిండన్నట్టు. ఏడి మరి?"

"దుప్పటి లేదు. వాన జూసి గూడెం దిక్కు ముందుగాల పోయిండు గావచ్చు." నేనే అన్నాను.

పిలవనైనా పిలవలేదు. ఖాళీ కొమ్మను చూశాక ఎవడు పిలుస్తాడు? గంట నడిచాం. గూడెంలో రాజం లేడు.

బీడీ కోసం జేబులో చేయి పెట్టాను. రెండు బిళ్ళలు.

రెండు.

గని నుంచి ఎవడు ముందు పైకొస్తే వాడే ఇద్దరి బిళ్ళలూ తీసుకోవడం మాకు అలవాటు. రెండోవాడు వెనకే ఉంటాడు కదా. కట్టెలు దించి, చూడకుండానే రెండూ తీసేశాను. నాకే తెలియలేదు.

గూడెం వాళ్ళతో వెనక్కి పరుగెత్తాం. మేం దిగిన చోటే లేదు, అంతా నీళ్ళు. ఎంత అరిచినా నీళ్ళ చప్పుడే. తగ్గేదాకా దిగొద్దన్నారు గూడెం వాళ్ళు.

దానియేలన్నకు చెప్పలేదు.

అక్టోబరు 19
దొరికాడు. బతికే ఉన్నాడు. నడివాగులో బండ మీద. కొట్టుకొచ్చిన దుంగ తగిలి ఎడమ కాలు నుజ్జునుజ్జు. ఎడ్లబండి, చెన్నూరు, లారీ, దవాఖాన. నన్ను చూసి నవ్వబోయాడు.

అక్టోబరు 20
అన్నం సయించడం లేదు.

అక్టోబరు 21
మాట్లాడాడు. "మొదాల్ల నీళ్ళు నడుముదాంకనే ఉండె. దాటుదునే. నా బిళ్ళ కొమ్మకున్నది గద, మీరు ఇడిచిపెట్టి పోరనుకున్న. ఉన్నకాడనే ఉండాలె, ఎతుక్కుంట వస్తరు... బాయిల చెప్పేది గదే గదా. గందుకే బండెక్కి కూసున్న."

దానియేలన్న మంచం కోడు పట్టుకొని ఏడ్చాడు. "గాలికి రాలింది గావచ్చు బిడ్డా. నేను కింద చూడకపోతి. తప్పు నాదే."

నేను కిటికీ వైపు తిరిగాను. థూ, నా బతుకు.

అక్టోబరు 22
కాలు ఉంచుతారో తీస్తారో డాక్టరు ఇంకా చెప్పలేదు. లక్ష్మి వరండాలోకి వచ్చి — "ఆయిన బిళ్ళ అడివిల్నే పడ్డదట. జర పోయి ఎతుకరాదు అన్నా. అది దొరికితే మల్ల బాయికి పోతడని నా పానం చెప్తున్నది."

సరే అన్నాను. అది నా జేబులోనే ఉంది.

అక్టోబరు 23
అడవికి పోలేదు. పొద్దంతా ఇంట్లోనే.

ఇప్పుడు దవాఖానకు బయలుదేరాలి. చొక్కా మార్చుకున్నాను. బిళ్ళను పాత చొక్కాలోనే వదిలేశాను. గడప దాటి, మళ్ళీ లోపలికొచ్చి, తీసి ఈ జేబులో వేసుకున్నాను.

లక్ష్మి గుమ్మంలోనే ఎదురుచూస్తుంటుంది. ముందు నా చేతులే చూస్తుంది...