గడ్డిలో దాగిన కాళ్ళు

కోటబొమ్మాళి,
బుధవారం

అమ్మా హిమజా,

సరిహద్దు దళం శిక్షణ మానేసి వచ్చేస్తానని నువ్వు ఆదివారం ఫోన్‌లో ఏడుస్తుంటే నీ లెక్క గురించి మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

తుపాకీ మీది స్కోపు దుర్భిణిలో గురి బొమ్మ మనిషి నాలుగు గీతల ఎత్తు కనిపించాడన్నావు. ఒక్కో గీత అంటే వెయ్యి మీటర్ల దూరంలో మీటరు ఎత్తని నువ్వే చెప్పావు. బొమ్మ ఎత్తు మీటరూ ఎనభై. దాన్ని వెయ్యితో హెచ్చించి, నాలుగుతో భాగించి, దూరం నాలుగు వందల యాభై మీటర్లని రాశావు. అసలు దూరం మూడు వందల పాతికేనట, అందుకే పరీక్ష పోయిందన్నావు.

నిన్న ఊడుపుల దగ్గర మీ నాన్నని ముందు గట్టు మీద, తర్వాత మడిలో నిలబెట్టి, చెయ్యి చాచి స్కేలుతో కొలిచాను.

"ఏటే, నన్ను దిష్టిబొమ్మని సేసీసినావేటి?" అని కసిరారు.

మడిలో మోకాళ్ళ దాకా బురద. స్కేలు మీద ఆయన అంత మేరా తగ్గిపోయారు.

నీ బొమ్మ కూడా గడ్డిలో ఉందన్నావు కదా. అర మీటరు కాళ్ళు దాగితే కనిపించేది మీటరూ ముప్పయ్యే. దాన్ని పెట్టి లెక్క కట్టు, సరిగ్గా మూడు వందల పాతిక వస్తుంది. నీకు లెక్క రాక కాదమ్మా. చిన్నప్పటి నుంచీ మడిలో దిగిన వాళ్ళనే చూశాం, కాళ్ళు కనబడకపోయినా నిండు మనిషనే అనుకుంటాం.

సోమవారం మళ్ళీ పరీక్ష ఉందన్నావు. ముందు బొమ్మ కాళ్ళు కనిపిస్తున్నాయో లేదో చూసుకుని, తర్వాత గీతలు లెక్కపెట్టు. నువ్వు వచ్చేస్తానన్న సంగతి మీ నాన్నకి నేను చెప్పలేదు, చెప్పను కూడా.

మీ అమ్మ