ఒలెక్సా కుర్చీ కింద గాలి

డాఫిన్, డిసెంబరు 8, 1969

చిరంజీవి నెస్టర్‌కి వదిన దీవెనలు.

నేను బాగానే ఉన్నాను. నేలమాళిగలో ఇంటికి వేడిగాలి పంపే ఫర్నేస్ ఫ్యాన్ మాత్రం సరిగ్గా ఆడటం లేదు. నువ్వూ మీ అన్నయ్య ఒలెక్సా కలిసి బిగించిందే కదా, దాని గుణం నీకు తెలిసే ఉంటుంది. క్రిస్మస్ లోపల దాన్ని దారిలో పెట్టాలి. ఒలెక్సా పోయాక వస్తున్న మొదటి పండగ. బల్ల దగ్గర అంతా పద్ధతిగా జరగాలి. ఏం చెయ్యాలో విడమరిచి రాయి.

ఫోన్ చెయ్యకు. మా వీధంతటికీ ఒకటే లైను. నేను ఎత్తితే పక్కింటి హాఫియా కూడా ఎత్తుతుంది. మొన్న మా చెల్లెలితో మోకాలినొప్పి గురించి చెప్పుకుంటుంటే మధ్యలో ఆవిడే మందు చెప్పింది.

మీ వదిన,
పరాస్కా

తా.క. ఊళ్ళో మెకానిక్‌ని పిలవమనకు. వచ్చాడు. ఒక పళ్ళెం బంగాళదుంప కూరిన వరెనికీలు తిన్నాడు. ఫ్యాన్ నిక్షేపంలా ఉందని చెప్పి వెళ్ళిపోయాడు.

*

విన్నిపెగ్, డిసెంబరు 12

వదినకి నమస్కారాలు.

వరెనికీల సంగతి చదివి ఆ మెకానిక్ మీద అసూయ కలిగింది. నా ఉద్యోగమంతా ఫర్నేసుల మధ్యే గడిచింది, నాకెవరూ అలా పెట్టలేదు.

ఫ్యాన్ ఆడటం లేదంటే కంగారు పడకు. ముందు కరెంటు మీట ఆపు. కింది తలుపు రేకు ఊడదీసి చూడు. దుమ్ము పట్టే ఫిల్టరు ఉంటుంది, మార్చు. ఇరుసుకి రెండు చివర్లా చిన్న గిన్నెలుంటాయి, వాటిలో నూనె చుక్కలు వెయ్యి. బెల్టు బొటనవేలితో నొక్కితే కొద్దిగానే కిందికి దిగాలి. వదులైతే బిగించు. ఈ ఇంజను మన ఒలెక్సాలాంటిది. కాస్త నూనె, కాస్త శుభ్రం, అంతకంటే ఏం అడగదు.

నీ మరిది,
నెస్టర్

తా.క. త్వరగా చెయ్యి. క్రిస్మస్‌కి రెండు వారాలైనా లేవు.

*

డాఫిన్, డిసెంబరు 17

చిరంజీవి నెస్టర్‌కి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. మీట ఆపడం మరిచిపోయి ముందు తలుపే తీశాను. తియ్యగానే ఫ్యాన్ ఆగిపోయింది. ఎంత సంతోషం కలిగిందో. మరిది చదివింది తక్కువైనా పని తెలిసినవాడు అనుకుని తలుపు గోడకి ఆనించి పైకి వచ్చేశాను. తెల్లారేసరికి మంట కూడా లేదు. రొట్టెకి కలిపిన పిండి రాయిలా ఉంది. తలుపు మళ్ళీ పెట్టాక గాని ఇల్లు వేడెక్కలేదు.

ఆ పాత ఫిల్టరు చూసి పిల్లి చచ్చి పడిందనుకున్నాను. మార్చాను. నూనె వేశాను. బెల్టు బిగించాను. ఇప్పుడు ముందుకంటే ఘోరం. గాలి ఎంత జోరుగా వస్తోందంటే బల్లగుడ్డ అంచు పావడాలా లేస్తోంది. నీ మందుతో రోగం బలిసింది.

మీ వదిన,
పరాస్కా

తా.క. రెండు వారాలేమిటి? అది మీ నోరీన్ వాళ్ళ క్రిస్మస్. మన పాత క్యాలెండరు లెక్కన పవిత్ర విందు జనవరి ఆరు రాత్రి. ఐరిష్ పిల్లని చేసుకుంటే క్యాలెండరు కూడా మార్చుకున్నావన్నమాట.

*

విన్నిపెగ్, డిసెంబరు 22

వదినకి నమస్కారాలు.

ఉత్తరం మూడుసార్లు చదివాను. నోరీన్‌కి కూడా చదివి వినిపించాను. క్యాలెండరు మాట దగ్గర తను నవ్వింది, నేను నవ్వలేదు.

తలుపు వెనక చిన్న బొత్తం ఉంటుంది. తలుపు మూసి దాన్ని నొక్కి ఉంచితేనే ఫర్నేస్ ఆడుతుంది. అది చెడిపోవడం కాదు. గాలి జోరుగా వస్తోందంటే ఫ్యాన్ బాగుందని. బాగున్న దాన్ని పట్టుకుని ఘోరం అంటావేం? చప్పుడు చేస్తోందా? చల్లగాలి వస్తోందా?

లేకపోతే ఆ ఇంట్లో ఒక్కదానివీ ఉండలేకపోతున్నావా? ఆ మాట చెప్పలేక ఫ్యాన్ మీద పెడుతున్నావా? మాతోనే ఉండు. పై గది ఖాళీగా ఉంది.

నీ మరిది,
నెస్టర్

తా.క. ఫ్యాన్‌ని ఎలాగోలా ఆపి మంట ఒక్కటీ ఉంచుదామని మాత్రం చూడకు. లోపల వేడి పెరిగి మొత్తం ఆరిపోతుంది.

*

డాఫిన్, డిసెంబరు 28

చిరంజీవి నెస్టర్‌కి,

ఇల్లు వదిలే మాట ఇంకెప్పుడూ ఎత్తకు. నువ్వు రాసిన తాజా కలంతోనే నా ఆశ పోయింది. నేను అడగాలనుకున్నది అదే. ఆ ఒక్క పూట మంట ఉండాలి, ఫ్యాన్ ఉండకూడదు.

విందుకి కూర్చునేముందు కుర్చీ మీద మెల్లగా ఊదుతాం కదా, పోయినవాళ్ళు వచ్చి కూర్చుని ఉంటే మనం వాళ్ళ మీద కూర్చోకుండా. మీ అమ్మ మనిద్దరికీ నేర్పింది. గట్టిగా ఊదితే నీ చెవి మెలిపెట్టేది. "జరగమని అడుగు, తరమకు" అనేది.

ఈసారి ఒలెక్సాకి పళ్ళెం పెడుతున్నాను. నేలలోంచి వేడిగాలి వచ్చే ఇనప జాలీ సరిగ్గా ఆయన కుర్చీ కిందే ఉంది. ఈ ఫ్యాన్ జరగమని అడగదు, ఎగరగొడుతుంది. బతికున్నప్పుడే పల్చటి మనిషి. వచ్చినా కూర్చోగలడా?

ఆయన గొర్రెతోలు కోటు జాలీ మీద కప్పి చూశాను. కోటు ఉబ్బి, చేతులు చాచి లేచింది. చక్కెర బదులుకి వచ్చిన హాఫియా గిన్నె నా గుమ్మంలోనే వదిలేసి వెళ్ళింది. ఇంకా రాలేదు.

ఫాదరుగారిని అడిగాను. ఆత్మకి ఫర్నేస్ అడ్డు కాదన్నారు. అంటూనే, జాలీ గాలికి ఎగరబోయిన టోపీ చేత్తో పట్టుకున్నారు.

మీ వదిన,
పరాస్కా

తా.క. కుర్చీ జరుపుకోమంటావు. అది ఆయన చోటు. దాని గురించి నాకు చెప్పకు.

*

విన్నిపెగ్, జనవరి 2, 1970

వదినకి,

కుర్చీ జరపమని చెప్పను. జాలీ అక్కడికి ఎలా వచ్చిందో చెబుతాను.

ఫర్నేస్ బిగించిన రోజు నేను సుద్దతో కిటికీ కింద గుర్తు పెట్టాను. పనిలో పద్ధతి అదే. చల్లదనం లోపలికి వచ్చేచోటే వేడి ఉండాలి. నేను రంపం తెచ్చేలోగా ఒలెక్సా ఆ గుర్తు చెరిపేసి తన కుర్చీ కింద గీశాడు. అడిగితే బూటు విప్పి చూపించాడు. కలప నరికే శిబిరంలో మంచుకి చచ్చుబడిన వేళ్ళు. ఎడమ పాదం మీద చర్మం అప్పటికీ నల్లగానే ఉంది.

"వదినకి తెలుసా?" అన్నాను.

"చెబితే ఏడుస్తుంది. ఏడ్చాక మేజోళ్ళు అల్లుతుంది. ఇప్పటికే అల్లినవాటితో బూటులో కాలు పట్టడం లేదు. నువ్వు రంధ్రం కొయ్యి."

భోజనం సేపంతా పాదాలు ఆ జాలీ మీదే పెట్టుకునేవాడు. తిన్నాక ఆలస్యంగా లేచేది నీ వంట కోసమే అనుకునేదానివి. సగం ఆ వేడి కోసం.

నీ ఫ్యాన్ బాగానే ఆడుతోంది, వదినా. ఆపకు. ఆ గాలి అతన్ని ఎగరగొట్టదు. అతను ఆ చోట కూర్చునేది దానికోసమే. కోటు తీసెయ్యి, కాళ్ళకి వేడి తగలనీ.

ఆరో తారీఖు బస్సుకి బయల్దేరుతున్నాం. చాలా ఏళ్ళుగా నేను తినని గోధుమల కుత్యా, తేనె వేసి, కాస్త ఎక్కువ వండు.

నీ మరిది,
నెస్టర్

తా.క. నోరీన్ కూడా వస్తోంది. కూర్చునేముందు ఊదాలని చెప్పాను. "టీ ఇంకా పొయ్యకుండానే?" అంది.