మొదటి చెంచా

మందుపూల పాకం వండే ముసలావిడగా ఈ వీధికంతటికీ తెలిసిన నేను పూర్తి తెలివితో, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. స్థిరచిత్తం అన్న మాట కాంపౌండరుగారు రాయమంటే రాశాను. నిజానికి నా చిత్తం పొయ్యి మీది పాకంలా ఉడుకుతోంది.

ఈ తొందర ఎందుకో ముందు చెబుతాను. మా అత్తగారి కాలం నుంచి ఈ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పాకంలో మొదటి చెంచా వండినవాళ్లే తినాలి. మర్నాడు వాళ్లు లేచి తిరిగితేనే జాడీలకు మూతలు కట్టాలి. ఈ ఏడు మోకాళ్లు మొరాయించి నేను కొండవాలు ఎక్కలేదు. పూలు చిన్నకోడలు కోసుకొచ్చింది, పాకం నేను పట్టాను. పెద్దవాడు గుమ్మంలో నిలబడి "ఆవిడకేం తెలుసు పూల సంగతి? అవతల పారబొయ్యమ్మా" అన్నాడు. ఆ పిల్ల మొహం చూశాను. చెంచా తీసుకుని తిన్నాను.

తర్వాత బుట్ట కడుగుతుంటే అడుగున ఒక పువ్వు కనబడింది. కాడ మీద నూగు ఉంటే దగ్గుకు మందు. నున్నగా ఉంటే దొంగపువ్వు, గుండెకు చేటు. ఇది నున్నగా ఉంది. ఇదొక్కటే వచ్చిందో, ఇలాంటివి పాకంలో ఇంకెన్ని ఉడికాయో తెలియదు. కాంపౌండరుగారు వాంతికి మందిచ్చారు, నాడి చూశారు, భయం లేదన్నారు. అని, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మింగలేక కక్కలేక అంటారే, నేను మింగీ కక్కీ కూడా దడ తగ్గలేదు. పెదాలు తిమ్మిరిగా ఉన్నాయి. అది పువ్వు పనో భయం పనో చెప్పలేను. ఆసుపత్రికి బండి కోసం పరిగెత్తింది చిన్నకోడలే. దానికి పువ్వు సంగతి చెప్పలేదు, గుండెల్లో మంట అన్నాను. బండి వచ్చేలోగా ఈ నాలుగు ముక్కలు.

1. బల్ల మీది జాడీలను ఎవరూ ముట్టుకోకూడదు. నేను తిరిగొస్తే వాటి సంగతి నేనే చూస్తాను. రాకపోతే పెరట్లో లోతుగా గొయ్యి తీసి పాతెయ్యాలి. పంచదార దండగైపోతుందని ఒక్క చెంచా నాకి చూసే మా ఆడపడుచుకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

2. ఆ చెంచా నా చేత్తో నేనే, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా తిన్నాను. చిన్నకోడలు పెట్టలేదు. ఈ వీలునామా అమలు చేసే వకీలుగారు ఈ క్లాజును అందరి ముందూ గట్టిగా రెండుసార్లు చదవాలి.

3. ఆడపడుచుకు నా ఊలు శాలువా. "మా వదిన చెయ్యి తీపి, నోరు చేదు" అని ఊరంతా చెప్పుకు తిరిగింది. అబద్ధం కాదు. తనకు చలి ఎక్కువ, కప్పుకోమనండి.

4. పెద్దకొడుక్కి ముందుగది, వీధివైపు కొట్టు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి మరదలిని ఎప్పుడు బయటికి పంపుదామా అని చూస్తున్నాడు. నా చావు వాడికి సాకు కాకూడదు, నన్ను తినేస్తున్న భయం ఇదే. వాడు చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు దగ్గొస్తే నా భుజమెక్కి, పాకం నాకితేగానీ దిగేవాడు కాదు. ఆ పిల్లవాడు ఎక్కడికి పోయాడో నాకు అంతుపట్టదు.

5. చిన్నకోడలికి వెనక గదులు రెండూ, వంటిల్లూ, ఇత్తడి గంగాళం, కొండవాలు ఎక్కే నా చేతికర్ర. ఈ గదుల్లోంచి ఆమెను కదిలించే హక్కు ఎవరికీ లేదు. అమ్మాయీ, ఇది విన్నాక ఇక పూల జోలికి పోనంటావు. పోవాలి. వచ్చే ఏడు కూడా నువ్వే కోయాలి. ఒక్కో కాడా వేలితో నిమిరి బుట్టలో వెయ్యి. నిన్ను కూతురనే అనుకున్నాను. పైకి ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

6. నాలుగో క్లాజుకు షరతు. వచ్చే ఏటి పాకంలో మొదటి చెంచా పెద్దవాడు తినాలి. గుమ్మంలో నిలబడి కాదు, వంటింట్లో కూర్చుని, మరదలి చేతి మీదుగా. తింటే కొట్టు వాడిది, తినకపోతే అదీ ఆమెదే. అంత భయమైతే వాడూ ఒక బుట్ట పట్టుకుని ఆమె వెంట కొండవాలు ఎక్కవచ్చు. కాడలు నిమరడానికి రెండు చేతుల కన్నా నాలుగు చేతులు మేలు.

మార్చి నెల పదకొండో తేదీ, మధ్యాహ్నం.

(సంతకం) వంకర పోయింది, అయినా నాదే.

సాక్షులు:
కాంపౌండరు. నాడి చూడ్డానికి వచ్చారు, నా ఎడమచెయ్యి ఇంకా వదల్లేదు.
పక్కింటి దర్జీ ఆవిడ. జాడీలకు మూతగుడ్డలు కుట్టి తెచ్చింది, అవి ఇంకా ఆమె ఒళ్లోనే ఉన్నాయి.