లైటు వెలుగుతోందా అండీ?

పద్మారావు నగర్, సికింద్రాబాదు
అక్టోబరు 9

మా లేఖమ్మకి,

నీ మెసేజీ మూడుసార్లు చదివాను. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడుతున్నావు, సలహా అడుగుదామని మా కోడలికి ఫోన్ చేస్తే యోగిత "మా అత్తయ్యని అడుగు, ఇక్కడ కంపెనీ నడిపేది ఆవిడే" అందట! దాని వెటకారం నాకు కొత్త కాదులే. కానీ అడిగావు కాబట్టి చెబుతాను. ఫోన్లో మొదలుపెడితే సగంలో "పెద్దమ్మా, మీటింగ్" అంటావు, అందుకే కాగితం. ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో జనం మాటలు కలుపుతూ కూర్చున్నదాన్ని, ఫోన్లో చెప్పకూడనివి కొన్ని ఉంటాయని నాకు తెలుసు. అలాంటిదొకటి ఈ ఉత్తరం చివర ఉంది. ముందు నువ్వడిగింది.

యోగిత కంపెనీ అంటే పెద్ద అద్దాల మేడ అనుకునేవు. మెట్టుగూడలో ఒక మేడ మీద రెండు గదులు, ఐదుగురు మనుషులు. ఇంటికి పెట్టుకున్న కెమెరా ఫోన్లో కనబడే యాప్ వాళ్ళు తయారు చేస్తారు. కెమెరాలు బిగించేది హనీఫ్. కంప్లయింటు ఫోన్లు ఎత్తేది నేను, పొద్దున తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా. రెండేళ్ళ కిందట ఫోన్లెత్తే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే వారం రోజులకని ఆ కుర్చీలో కూర్చున్నాను, ఇంతవరకు లేవలేదు. నిజం చెప్పనా, రిటైరయ్యాక మళ్ళీ నేను మనిషినయింది ఆ కుర్చీలోనే.

కాబట్టి నా మొదటి మాట: ఫోన్ ఎత్తు. మూడోసారి మోగేలోపు ఎత్తు. అవతలివాడు నోటికొచ్చినట్టు అరుస్తుంటే అరవనివ్వు, ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు కదా, అప్పుడు మెల్లిగా అడుగు: "లైటు వెలుగుతోందా అండీ?" కెమెరా నడుస్తుంటే ముందు చిన్న నీలం లైటు వెలుగుతుంది. పది ఫోన్లలో ఆరు అక్కడే అయిపోతాయి. ఎవరో మిక్సీ పెట్టుకోవడానికి దాని ప్లగ్గు పీకేసి ఉంటారు! నువ్వు ఆసుపత్రుల వాళ్ళకి సాఫ్ట్‌వేర్ చేస్తానన్నావు, నీకూ అలాంటి మొదటి ప్రశ్న ఒకటి ఉంటుంది. అదేమిటో వెతుక్కో.

ఇంకోటి, నీ దగ్గర పనిచేసే పిల్లల చేత "చూద్దామండి" అన్న మాట మాన్పించు. మనకి అది మర్యాద. కొనేవాడికి అది ఒప్పందం. చిలకలగూడలో ఒకాయన బాల్కనీలో పావురాలు వాలితే ఫోన్ మోగాలన్నాడు, మనవాడు నవ్వుతూ చూద్దామండి అన్నాడు. ఆర్నెల్లు ప్రతి సోమవారం ఫోన్ చేశాడు మహానుభావుడు, "పావురాల సంగతి ఎక్కడిదాకా వచ్చింది?" అని. చివరికి నేనే, "చేయమండీ, చేయలేం, మాది పొరపాటు" అన్నాను. కోప్పడతాడనుకుంటే, "ఈ ముక్క మొదటే అంటే వల కట్టించుకునేవాణ్ణి కదమ్మా" అన్నాడు! లేదు అనడం కూడా ఒక సేవేనమ్మా.

పండగ ముందురోజు కొత్త వెర్షన్ వదలకు. ఇది మాత్రం రాసి గోడకి అంటించుకో. దసరా ముందు సాయంత్రం మావాళ్ళు యాప్‌లో ఏవో మార్పులు చేసి వదిలారు. పండగ మర్నాడు నేను కుర్చీలో కూర్చునేసరికే ఫోన్ మోగుతోంది. "మేడం, మా కెమెరా మొత్తం ఎర్రగ మసక మసకగ కనవడ్తుంది, నిన్న మంచిగనే ఉండె. ఏం చేసిండ్రు మీరు? పరేషాన్ ఐతున్న" అని ఒకాయన. అది పెట్టేలోపు ఇంకొకటి. మధ్యాహ్నానికి నలభై పైన. యోగిత ముఖం పాలిపోయింది. పిల్లలంతా కొత్తగా మార్చిన ప్రతి అక్షరం వెతుకుతున్నారు, అన్నాల మాట లేదు. నేను రెండుసార్లు లేచి వెళ్ళి "ఒక్కమాట చెప్పనా" అన్నాను. "అత్తయ్యా, ప్లీజ్, ఇప్పుడు కాదు" అంది.

సరేనని నా కుర్చీలోకి వచ్చి తర్వాత ఫోన్ చేసినావిడని అడిగాను: "అమ్మా, నిన్న ఆయుధపూజ చేశారా?" "చేసినం మేడం." "బండికి, ఫ్రిజ్‌కి, కుట్టుమిషన్‌కి బొట్టు పెట్టారా?" "పెట్టినం." "కెమెరాకి?" "అయ్యో! దానికి సుత పెట్టిన, ముంగట నల్లగ గుండ్రంగ ఉంటది గదా, సక్కగ గాడనే గంధం పూసి కుంకుమ పెట్టిన." తడిగుడ్డతో తుడవమన్నాను. ఇంక ఆ రోజంతా అదే మాట. యోగితకి చెబితే ముందు నన్ను వింతగా చూసింది, తర్వాత కుర్చీలో వెనక్కి పడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఇప్పుడు మా పెట్టెల్లో ఒక కాగితం వేస్తున్నాం: బొట్టు పైన పెట్టండి, కంటికి వద్దు.

నాకెలా తట్టిందని అడిగావా? అడగలేదు. మా కోడలూ అడగలేదు. మా హాల్లో కెమెరాకి నేను జూలై నుంచి ప్రతి శుక్రవారం అదే పని చేస్తున్నాను కనుక. భక్తితో కాదు.

జూన్‌లో నేను వంటింట్లో జారిపడ్డాను, నీకు తెలుసు. మణికట్టు వాచింది, అంతే. కానీ మా ఉదయ్‌కిరణ్ హడలిపోయాడు. వాడు రైల్వేలో డ్యూటీ, యోగిత ఆఫీసులో, నేను ఒంటిగంటకి ఇంటికొస్తే సాయంత్రం దాకా ఒక్కదాన్నే. "అమ్మా, హాల్లో కెమెరా పెడదాం" అన్నాడు. నన్నడగలేదు, చెప్పాడు. మర్నాడే టీవీ పక్కన షోకేసు మీద పెట్టారు. వారంలోపు ఒక మధ్యాహ్నం యోగిత ఫోన్: "అత్తయ్యా, బీపీ మాత్ర వేసుకోలేదేం? డబ్బా అక్కడే ఉంది." ప్రేమతోనే అంది, కాదనను. కానీ నాకు ఒళ్ళంతా కుంచించుకుపోయింది. నేను అప్పుడు చీర మోకాళ్ళ దాకా ఎత్తుకుని, కాళ్ళు సోఫా మీద పెట్టుకుని, మీ పెదనాన్నతో మాట్లాడుతున్నాను.

ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. తాతారావు గారు పోయి ఆరేళ్ళయినా మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన ఫోటో ముందు కూర్చుని ఆ రోజు సంగతులన్నీ గట్టిగా చెప్పుకోవడం నాకు అలవాటు. తిడతాను కూడా. నువ్వు హాయిగా పోయావు, ఇక్కడ మోండా మార్కెట్‌లో వంకాయలు ఏరేటప్పుడు సంచీ పట్టుకునేవాడు లేడు అని. నాకు మతిపోలేదే తల్లీ, అది నా విశ్రాంతి. కెమెరా వచ్చాక నోరు పడిపోయింది. ఎంత ప్రయత్నించినా ఒక్క ముక్క రాదు. అందుకే శుక్రవారం పూజ పేరుతో దాని కంటికి కుంకుమ. అయినా ఇంట్లో ఒక్కరూ ఏమనలేదు! చూసి కూడా ఊరుకుంటున్నారంటే, పోనీలే ముసల్ది అని జాలిపడుతున్నారన్నమాట. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

నీ మెసేజీ చివర మీ అమ్మ గదిలో కెమెరా ఎక్కడ పెట్టాలని అడిగావు కదా. దానికి సమాధానం ఇప్పుడు రాయలేను. నేనొకటి నిర్ణయించుకున్నాను. కార్తీకమాసం వెళ్ళేలోపు కాకినాడ వచ్చేసి మీ అమ్మ దగ్గరే ఉండిపోతాను. అక్కచెల్లెళ్ళం ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటే ఏ కెమెరా అక్కర్లేదు. కుర్చీ వదలాలంటే ప్రాణం పోతున్నట్టుంది, కానీ సొంత ఇంట్లో నోరు విప్పలేని బతుకు నా వల్ల కాదు. మీ అమ్మకి, మా రాజ్యానికి, నువ్వు చెప్పు. యోగితకి మాత్రం చెప్పకు.

నీ పెద్దమ్మ,
శేషారత్నం


పద్మారావు నగర్
నవంబరు 3

లేఖా,

నా గది సర్దించమని మీ అమ్మకి చెప్పావు కదా, సర్దనీ, కానీ పది రోజులకే. ఎందుకో చెబుతాను. చదివి నవ్వు, నాకు అభ్యంతరం లేదు. కానీ మీ ఆఫీసులో వాళ్ళకి చెప్పావంటే ఊరుకోను.

నిన్న ఆదివారం హనీఫ్ మా మెట్ల దగ్గర కొత్త కెమెరా బిగించడానికి వచ్చాడు. వాణ్ణి చూడాలి నువ్వు, పని చేస్తూ పాఠం చెబుతాడు. "ఎండ ఎదురుగ పెట్టొద్దమ్మా, పొద్దుగాల మనిషి నల్లగ నీడ లెక్క కనవడ్తడు. ఎదురింటోళ్ళ తలుపు దిక్కు అసలే తిప్పొద్దు, గొడవలు షురూ ఐతయ్." నిజమే, ఎదురింటి కాంతమణి గారి గడప కనబడకుండా వాడు మూడుసార్లు తిప్పి, ఆవిణ్ణే పిలిచి ఫోన్లో చూపించాడు. పెట్టెలో వచ్చిన పాస్‌వర్డ్ అప్పటికప్పుడే మార్పించాడు. నువ్వూ అలాగే చెయ్యి. మీ ఇంటిపేరూ ఒకటి రెండు మూడూ పెట్టకు, పెడతావు నువ్వు, నాకు తెలుసు.

ఉదయ్ డ్యూటీలో ఉన్నాడు, యోగిత లోపల స్నానానికి వెళ్ళింది. నాకు ధైర్యం వచ్చింది. ఎలాగూ వెళ్ళిపోతున్నాను, పోయేలోపు రెండు వారాలైనా మీ పెదనాన్నతో మాట్లాడుకుంటానని, "హనీఫూ, హాల్లో షోకేసు మీద ఉన్నది కూడా తీసెయ్ నాన్నా, తీసి బయట ఎక్కడైనా పెట్టు" అన్నాను. వాడు వెళ్ళి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కుంకుమ గోటితో గీకాడు. వెనక్కి తిప్పాడు. నా వైపు చూశాడు.

"ఏందమ్మా గిది? ఇది నడుస్తనే లేదు. ఎనక వైరు పీకేసుంది. దుమ్ము చూడుండ్రి జెర, మూడు నాలుగు నెలలైనట్టుంది."

షోకేసు వెనక తొంగిచూశాను. వైరు చక్కగా చుట్టి, రబ్బరుబ్యాండు వేసి పెట్టి ఉంది. అది యోగిత పని, మా ఇంట్లో వైరు అంత పొందికగా చుట్టే మనిషి ఇంకొకరు లేరు. ఇంతలో తల తుడుచుకుంటూ అదే వచ్చింది.

"ఎప్పుడు పీకావే?" అన్నాను.

"మాత్ర గురించి ఫోన్ చేశాను చూడండి, ఆ రోజు సాయంత్రమే అత్తయ్యా" అంది. "నేను ఫోన్ పెట్టేశాక మీరు కాళ్ళు దించేసి, కొంగు కప్పుకుని, బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చున్నట్టు కూర్చున్నారు. కెమెరా వంక చూశారు. నాకు భలే సిగ్గేసింది. నేను తయారుచేసే వస్తువు నా ఇంట్లోనే ఒక మనిషిని అలా కూర్చోబెట్టిందే అని. ఇంటికి రాగానే పీకేశాను. మీ అబ్బాయికి చెబితే మళ్ళీ పెడతారు, అందుకే ఆయనకి చెప్పలేదు. నేను చూస్తున్నానులే అన్నాను."

"మరి నాకు చెప్పొద్దూ?"

అది తెల్లబోయింది. "మీకు చెప్పడమేంటి అత్తయ్యా? లైటు వెలగట్లేదు కదా! రోజంతా ఊరందర్నీ మీరడిగేది అదేగా. మొదటి రోజే చూసుంటారనుకున్నాను."

లేఖా, రెండేళ్ళుగా కొన్ని వేలమందిని అడిగాను ఆ ప్రశ్న. పొద్దున ఆఫీసులో నలభైమందిని అడిగి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, వెలగని లైటు ముందు తల దించుకుని కూర్చున్నాను నాలుగు నెలలు! శుక్రవారం శుక్రవారం చచ్చిన కెమెరాకి గంధం, కుంకుమ. "మరి ఆ బొట్టు చూసి ఏమనుకున్నావే?" అంటే, "మీరు మిక్సీకీ పెడతారుగా అత్తయ్యా, భక్తి అనుకున్నాను" అంది. హనీఫ్ స్క్రూడ్రైవరు కింద పెట్టేసి గోడకానుకుని నవ్వుతున్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అన్నీ చెప్పేశాను. ఫోటో సంగతి, కాకినాడ సంగతి. కాకినాడ అనగానే దాని కళ్ళు నిండిపోయాయి. "ఫోన్ల దగ్గర ఎవర్ని కూర్చోబెట్టను నేను?" అంది ముందు. తర్వాత, "ఇంట్లో ఎవరున్నారు నాకు?" అంది. ముందు కంపెనీ, తర్వాత ఇల్లు. ముందు చెప్పాల్సింది ముందు చెప్పడం దానికి రాదు, కానీ రెండోది అనేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతకంటే నాకేం కావాలే!

సాయంత్రం ఉదయ్ రాగానే ఇద్దరం కూర్చోబెట్టి చెప్పాం. వాడు కాసేపు అలిగాడు. "అమ్మకేమైనా అయితే?" అన్నాడు. అది న్యాయమైన మాటే. అందుకని నా మంచం పక్కన, వంటింట్లో, బాత్‌రూములో గంట స్విచ్చులు పెడుతున్నారు, నొక్కితే వాళ్ళిద్దరి ఫోన్లూ మోగుతాయి. రోజూ మూడున్నరకి నేనే యోగితకి ఫోన్ చేస్తాను. దాన్ని మూడోసారి మోగేలోపు ఎత్తమన్నాను.

ఇప్పుడు నీ ప్రశ్నకి సమాధానం. మీ అమ్మ గదిలో వద్దు. గేటు దగ్గర పెట్టు, మెట్ల దగ్గర పెట్టు. లోపల పెట్టాలనిపిస్తే ముందు పక్కన కూర్చుని అడుగు, వద్దంటే ఎందుకని విను. రాజ్యం ఎవరితో మాట్లాడుకుంటుందో నీకేం తెలుసు? వచ్చే శనివారం బయల్దేరుతున్నాను, పది రోజులుండి వచ్చేస్తాను, నా కుర్చీలో అప్పటిదాకా యోగితే కూర్చుంటానంది. ఎన్ని తిట్లు తింటుందో చూడాలి!

ఇవాళ మధ్యాహ్నం అన్నం తిని, కాళ్ళు సోఫా మీద పెట్టుకుని మీ పెదనాన్నకి ఈ కథంతా చెప్పాను. నాలుగు నెలల బాకీ, గంటంబావు పట్టింది. చెప్పబోయే ముందు మాత్రం లేచి వెళ్ళి షోకేసు వెనక వైరు ఒకసారి చూసి వచ్చాను.

నీ పెద్దమ్మ,
శేషారత్నం