నాలుక బొమ్మ

ప్రియమైన అత్తయ్యకి,

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ మీ అబ్బాయీనే. పోయిన ఆదివారం వంటింటి కుళాయి తానే బాగుచేస్తానని ఆయన పట్టుబట్టారు. ఇప్పుడు వంటింట్లో నీళ్ళు రావడం లేదు, పక్కగది గోడలోంచి వస్తున్నాయి. ప్లంబరు చూసి "ఇదెవరు చేశారండీ?" అంటే మీ అబ్బాయి నా వైపు చూపించారు. మీ పెంపకం గురించి నేనేమీ అనడం లేదు.

అసలు సంగతికి వస్తాను. ఆరో తరగతి సైన్సు పుస్తకం మళ్ళీ రాయించడానికి ఒక సంఘం వేశారు. రుచుల మీద పరిశోధన చేసేదాన్ని కదా, మా కాలేజీ తరఫున నన్ను పంపారు. మొదటి రోజు పుస్తకం తెరవగానే మీరు రాసిన 'జ్ఞానేంద్రియాలు' పాఠమే కనిపించింది. పక్కన కూర్చున్నాయనకి "ఇది మా అత్తయ్య రాసింది" అని గొప్పగా చెప్పుకున్నాను.

ఒక చిన్న సందేహం. అందులో నాలుక బొమ్మ ఉంది కదా, కొసన తీపి, దాని పక్కన ఉప్పు, అంచుల్లో పులుపు, లోపలికి చేదు అని గళ్ళు గీసి. అది వేసేటప్పుడు మీరు ఏ పుస్తకం చూశారు? ఊరికే అడుగుతున్నాను.

నిన్న ఫోన్ చేస్తే మామయ్యగారు ఎత్తి, "మీ అత్తయ్య ఉత్తరం రాయమంటోందమ్మా" అని పెట్టేశారు. నామీద ఏమైనా కోపమా?

మీ కోడలు


ప్రియమైన కోడలమ్మకి,

కోపమూ లేదు, పాడూ లేదు. ఫోన్లో సగం మాటలు గాలికి పోతాయి. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు. పైగా నీ రాత మావాడి రాతలా కోడి గెలికినట్టు ఉండదు.

బొమ్మ సంగతి అడిగావు. అడిగితే ఆగుతానా! మా స్కూలు లైబ్రరీలో అట్ట ఊడిపోయిన లావుపాటి శరీరశాస్త్రం పుస్తకం ఒకటి ఉండేది. ఆ బొమ్మ అందులోదే. దాన్ని చూసి ఎన్నిసార్లు వేసినా నాలుకలా రాలేదు, చెప్పు అడుగులా వచ్చింది. చివరికి మీ మామయ్యని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి నాలుక చాపమన్నాను. తన మందుల షాపు తెరిచే వేళ దాటిపోతున్నా పాపం కదల్లేదు. పేపరు వేసే ఆయన కిటికీలోంచి చూసి, ఈ ఇంట్లో ఏదో జరుగుతోందని పేపరు గుమ్మంలో పడేసి పారిపోయాడు. పుస్తకంలో ఉన్నది మీ మామయ్య నాలుకే. లక్షల మంది పిల్లలు దానికి రంగులు వేశారు.

ఇప్పటికీ బ్యాంకులోనో బస్సులోనో ఎవరో ఒకరు "నాలుక టీచరుగారు కదూ!" అంటూ లేచి చోటిస్తారు. నాకు అంతకంటే ఏం కావాలి చెప్పు.

ఇంతకీ నువ్వు ఊరికే అడిగే రకం కాదు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కూడా "ఊరికే అడుగుతున్నానండీ" అంటూనే మావాడికి గురక ఉందని కూపీ లాగావు. ఏమిటి సంగతి? నాన్చకుండా చెప్పు.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకి,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు రాసి చింపానో. మీ అబ్బాయిని సలహా అడిగితే "ఇందులోకి నన్ను లాగకు" అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ బొమ్మ తప్పు అత్తయ్యా.

మీ తప్పు కాదు, బొమ్మ తప్పు. ఎప్పుడో నూరేళ్ళ కిందట, ఒక పరిశోధకుడు నాలుక అంచు పొడవునా ఒక్కొక్క చోట తీపి నీళ్ళ చుక్కలు వేస్తూ, కనీసం ఎంత తీపి ఉంటే అక్కడ తెలుస్తుందో కొలిచాడు. చోటుకీ చోటుకీ తేడా కనిపించింది. కానీ అది పిసరంత. కొసన కాస్త తక్కువైనా చాలు, పక్కన ఇంకాస్త ఉండాలి. ఆయన చెప్పింది అంతే. కొన్నేళ్ళకి ఇంకొకాయన ఆ అంకెలతో గీత గీశాడు. ఆ గీత కిందికి దిగినచోట ఎంత దిగిందో తెలిసేలా కొలత వేయలేదు. చూసినవాళ్ళు "అయితే ఇక్కడ రుచే తెలియదు కాబోలు" అనుకున్నారు. ఆ తర్వాతివాళ్ళు దాన్ని గళ్ళు చేశారు. ఆ గళ్ళు చూసి మరొకరు, వాళ్ళని చూసి ఇంకొకరు. అలా మీ లైబ్రరీ పుస్తకం దాకా వచ్చింది. మధ్యలో కొందరు మళ్ళీ కొలిచి ఇది తప్పని, ఆ గళ్ళున్న చోట్లన్నిటా అన్ని రుచులూ తెలుస్తాయని చెప్పారు. కానీ అప్పటికే బొమ్మ పిల్లల పుస్తకాల్లో పాతుకుపోయింది. అంత ముచ్చటగా, అంత సులువుగా ఉన్న బొమ్మని ఎవరు మాత్రం వదులుకుంటారు?

దాన్ని తీసేయమని సంఘంలో చెప్పింది నేనే. ఈ మాట ఇంకెవరి నోటో వినేకంటే నా నోట వినడం మంచిదని రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టండి. ఉత్తరం మాత్రం మానకండి.

మీ కోడలు


కోడలుగారికి,

మీ ఉత్తరం అందింది. అంది చాలా రోజులైంది. వెంటనే రాస్తే ఏం రాసేదాన్నో అని నాకే భయం వేసి ఊరుకున్నాను.

మీ మామగారికి చదివి వినిపించాను. "అయితే నా నాలుక పుస్తకంలోంచి పీకేస్తారా?" అన్నారు.

ఒక్కటి అడుగుతాను. రిటైరయ్యేదాకా ఏటా క్లాసులో ఆ ప్రయోగం చేయించాను. పంచదార నీళ్ళు, ఉప్పు నీళ్ళు, నిమ్మరసం, పంచదార వేయని చిక్కటి కాఫీ. దూది చుట్టిన పుల్లలు. ఒక్క ఏడు కూడా తప్పలేదు. పిల్లలంతా బొమ్మలో ఉన్నట్టే చెప్పారు. బొమ్మ తప్పయితే ప్రయోగం ఎలా కుదిరింది? అన్ని నాలుకలూ కూడబలుక్కుని అబద్ధమాడాయా? మీ చదువులో దీనికి జవాబుంటే రాయండి. లేకపోతే నా బొమ్మ జోలికి రాకండి.

ఇట్లు,
మీ అత్తగారు


ప్రియమైన, చాలా కోపంగా ఉన్న అత్తయ్యకి,

"కోడలుగారికి" అన్నది చూసి మీ అబ్బాయి పడీ పడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అయినా మీరు అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, సంఘంలో ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు.

నేనొకటి అడుగుతాను. పిల్లలకి ముందు బొమ్మ చూపించేవారా, ముందు రుచి చూపించేవారా?

ఇంకొకటి. ఇది మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. నేను ఆరో తరగతి చదివింది మీ పుస్తకంతోనే. మా టీచరు పంచదార నీళ్ళు నా నాలుక పక్కన రాసి "తెలుస్తోందా?" అన్నారు. తెలిసింది, తియ్యగా, బాగా. క్లాసులో అందరూ "లేదు టీచర్" అంటున్నారు. నేనూ "లేదు టీచర్" అన్నాను. ఇంటికెళ్ళి అద్దం ముందు నాలుక చాపి చూసుకున్నాను, నా నాలుకేదో వంకరగా పుట్టిందని. అమ్మ పిలిచి పిలిచి విసుక్కునేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ అనుమానమే నన్ను పట్టుకుని ఈ ల్యాబ్ దాకా ఈడ్చుకొచ్చింది. మీ బొమ్మే లేకపోతే నేను ఈ పనిలో ఉండేదాన్ని కాదు అత్తయ్యా.

నా మాట పట్టుకుని నమ్మొద్దు. మీరే చేసి చూడండి. కళ్ళు మూయించండి. పుల్ల ఏ గిన్నెలో ముంచారో, నాలుక మీద ఎక్కడ పెడతారో చెప్పకండి. మధ్యమధ్య ఉత్త నీళ్ళు కూడా పెట్టండి. మీ బొమ్మ చూడనివాళ్ళు దొరికితే మరీ మంచిది. ఏం తేలితే అది రాయండి. బొమ్మే గెలిస్తే సంఘం ముందు చెంపలేసుకుంటాను.

మీ కోడలు


ప్రియమైన కోడలు పిల్లకి,

బొమ్మ ఓడిపోయింది.

ముందు మీ మామయ్య కళ్ళకి తువ్వాలు కట్టాను. కొసన పెడితే "ఉప్పు" అన్నారు. అంచున పెడితే "ఉప్పు". లోపలికి పెడితే "ఉప్పేనే, ఎన్నిసార్లు పెడతావ్, నాకసలే బీపీ!" తర్వాత కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మని పిలిచాను. మెడలో టేపుతోనే వచ్చింది. నా బొమ్మని ఆవిడ జన్మలో చూడలేదు. తీపి ఎక్కడ పెట్టినా తీపే అంది, చేదు ఎక్కడ పెట్టినా మొహం చిట్లించింది. అన్నిటికంటే ముందు ఉత్త నీళ్ళు పెట్టినప్పుడైతే "ఏమీ లేదుగా, ఎందుకు పెట్టారు?" అంది.

నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. ముందు బోర్డు మీద బొమ్మ గీసేదాన్ని. ఎక్కడ ఏది తెలియాలో చెప్పేదాన్ని. ఆ తర్వాత "ఏం తెలిసింది?" అని అడిగేదాన్ని. పిల్లలు బోర్డు చూసి చెప్పేవాళ్ళు. వాళ్ళు నన్ను నమ్మారు, నేను పుస్తకాన్ని నమ్మాను, ఆ పుస్తకం ఇంకో పుస్తకాన్ని నమ్మింది. అందరం మంచివాళ్ళమే. కళ్ళు మూసుకుని చూసినవాళ్ళం ఒక్కళ్ళమూ లేం.

అద్దం ముందు నిలబడ్డ ఆ చిన్నపిల్ల గురించి రెండుసార్లు చదివాను. నేను అక్కడ ఉంటే దగ్గరికి తీసుకునేదాన్ని.

అయితే అమ్మాయ్, మరీ ఎగిరిపడకు. నీ సిద్ధాంతానికీ ఒక చిల్లు దొరికింది. ఆఖర్న నేను కూర్చున్నాను. నాలుక కుడి పక్క అన్నీ తెలిశాయి. ఎడమ పక్క ముందు భాగంలో ఏదీ తెలియలేదు. తీపి లేదు, ఉప్పు లేదు, నిమ్మరసం కూడా ఉత్త తడి. మీ మామయ్య పుల్లలు మార్చి మార్చి చూశారు. మర్నాడు చూసినా అంతే. అన్నిచోట్లా అన్నీ తెలుస్తాయన్నావుగా, ఇప్పుడేమంటావ్? నా ఒక్కదాని నాలుకకి వేరే బొమ్మ వేయాల్సిందే!

ఓడినా తల దించని
నీ అత్తయ్య


అత్తయ్యా,

ఈ కాగితం మీ అబ్బాయి చేతికే ఇచ్చి పంపుతున్నాను. హడలిపోకండి. వాయిదా కూడా వేయకండి.

నాలుక ముందు భాగం నుంచి రుచిని మోసుకెళ్ళే నరాలు రెండు, ఎడమకొకటి, కుడికొకటి. అవి తిన్నగా మెదడుకి పోవు. చెవిలో దూరి, కర్ణభేరి వెనకనుంచి పోతాయి. ఒకే పక్క రుచి పోయిందంటే నాలుక కంటే ముందు చెవి చూపించుకోవాలి. తినేటప్పుడు రెండో పక్క సర్దేస్తుంది కాబట్టి ఎవరికీ తేడా తెలియదు.

నిజం చెప్పండి. మీ కుడి చెవి మొదటినుంచీ అంతంతమాత్రమేనని మీ అబ్బాయి అన్నారు. ఈ మధ్య ఎడమది కూడా వినిపించడం లేదు కదూ? ఫోన్ వద్దు, ఉత్తరాలు రాయమన్నది అందుకే కదూ? నేనేమో కోపమనుకున్నాను. రుచుల మీద ఇన్నేళ్ళు పని చేసి కూడా నాకు తట్టలేదు.

చెవి డాక్టరుతో రేపటికి మాట్లాడి పెట్టాను. నా మీద కోపమంతా తర్వాత తీర్చుకుందురుగాని. ముందు వెళ్ళండి.

మీ కోడలు


ప్రియమైన కోడలమ్మకి,

నువ్వు ఆస్పత్రి నుంచి వెళ్ళాక రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఆపరేషన్ కట్టు విప్పేశారు. కళ్ళు తిరగడం తగ్గింది.

నువ్వున్నప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. చెవి సంగతి ఎప్పటినుంచో తెలుసు. చీము కారుతుంటే దూది పెట్టుకుని, పైన జుట్టు కప్పుకుని తిరిగాను. కుడిదానికి తోడు ఎడమ చెవి కూడా పోతే నలుగురిలో కూర్చుని బొమ్మలా చూడటమేనని బెంగ. డాక్టరు దగ్గరికెళితే ఆ మాటే అంటారని వెళ్ళలేదు. సైన్సు టీచరునే, అయినా కొలిచి చూసుకోవడానికి ధైర్యం చాలలేదు.

కర్ణభేరి వెనక చర్మం ముద్దలా పెరిగి ఎముకని కొరుక్కు తింటోందని డాక్టరమ్మ నీతోనూ చెప్పిందిగా. ఇంకొన్నాళ్ళు పోతే మూతి వంకరపోయేదట, ఆపైన మెదడు దాకా పాకేదట. మొన్న మళ్ళీ చూపించుకోవడానికి వెళితే, "ఒక పక్క రుచి పోయిందని అసలెలా కనిపెట్టారండీ? ఎవరూ గమనించరు" అంది. "కోడలితో పోట్లాటలో బయటపడిందమ్మా" అన్నాను.

ఎడమ పక్క రుచి రావచ్చు, రాకపోవచ్చు అంటోంది. కుడి చెవికి వినికిడి మిషను పెట్టారు. మీ మామయ్య నా వెనక గొణిగేవన్నీ ఇప్పుడు వినిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఎంత సుఖపడ్డానో!

పాఠం రాసేశాను. బొమ్మ తీసేస్తే ఆ పేజీలో ఏం పెట్టాలో తేలక మీ సంఘం తల పట్టుకుందనీ, నన్నే రాయమనీ అన్నావుగా. బొమ్మ తీయలేదు. వెనక పేజీకి జరిపాను. ముందు పేజీలో గిన్నెలు, పుల్లలు, కళ్ళకి గుడ్డ, అంతే. ఏం తెలియాలో ఒక్క మాట కూడా రాయలేదు. పిల్లలు చేసి చూశాక పేజీ తిప్పితే బొమ్మ ఉంటుంది. "చాలా కాలం అందరం దీన్ని నిజమనుకున్నాం. మీకేం తేలింది?" అని కింద రాశాను. అది ఎలా పుట్టిందో, ఎలా చేతులు మారిందో నువ్వు రాసినట్టే పెట్టాను, నా పేరుతో సహా. మీ సంఘం ఒప్పుకోకపోతే నన్ను పిలవమను, వచ్చి మాట్లాడతాను. వినబడుతుంది కూడాను.

అచ్చుకి ఇచ్చేముందు పిల్లల దగ్గర పరీక్షించాలి కదా. నిన్న మా పాత స్కూలుకి వెళ్ళాను. ఆరో తరగతి. కిటికీ పక్క బెంచీలో రెండు జడల పిల్లకి కళ్ళు కట్టి, నిమ్మరసం పెట్టి, ఆ తర్వాత ఉత్త నీళ్ళు పెట్టాను. "తియ్యగా ఉంది" అంది.

"నీళ్ళమ్మా అవి" అనబోయి నాలుక కరుచుకున్నాను. పంచదార పుల్ల కలిసిపోయిందేమోనని కొత్త గ్లాసు, కొత్త పుల్ల తెప్పించాను. మళ్ళీ నిమ్మరసం, మళ్ళీ నీళ్ళు. "తియ్యగానే ఉంది టీచర్" అంది. పక్క పిల్లాడికీ అంతే. నేను కూడా కుడి పక్క పెట్టుకు చూశాను. నిజంగానే తియ్యగా ఉన్నాయి! ఇన్నేళ్ళుగా నా క్లాసులో ఉత్త నీళ్ళే పెట్టలేదు, ఇక నాకెలా తెలుస్తుంది?

"ఎందుకు టీచర్?" అన్నారందరూ. ఏదో ఒకటి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే వెంటనే నోటుబుక్కుల్లో ఎక్కించేసేవాళ్ళు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద "నాకు తెలియదు" అని రాశాను. బోర్డు మీద ఆ మాట రాయడం నాకు అదే మొదలు. రెండు జడల పిల్ల బోర్డు వైపు చూసి, కళ్ళకి గుడ్డ తనే మళ్ళీ కట్టుకుని, "అయితే ఈసారి ముందు ఉప్పు పెట్టి, తర్వాత నీళ్ళు పెట్టండి టీచర్" అని నాలుక చాపింది.

శుక్రవారం మళ్ళీ వెళుతున్నాను. నీళ్ళు ఎందుకు తియ్యగా ఉన్నాయో నీకు తెలిసే ఉంటుంది. మాకు చెప్పకు.

బోలెడంత ప్రేమతో,
నీ అత్తయ్య