లాగి చూడవలసిన పచ్చిక

తోటల, నీటి సరఫరాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి ముందరి పచ్చిక చచ్చిపోలేదని తెలియజేస్తూ, కంకర బండిని ఆపించి, కుళాయి తిరిగి విప్పించమని కోరుట గురించి.

ఈ అర్జీలో అక్షరాలు వంకరపోతే అది వయసు వల్ల కాదు, సంతోషం వల్లనని గ్రహించ ప్రార్థన.

1. వానలు లేని ఈ ఊళ్ళో చచ్చిన గడ్డికి నీళ్ళు దండగనీ, అటువంటి చోట కుళాయి బిగించి కంకర పరవాలనీ తమరి ఉత్తర్వు. న్యాయమైనదే. సదరు ఉత్తర్వు ప్రకారం తమ కొలతల ఉద్యోగి వచ్చి, కుళాయి బిగించి, గేటు దగ్గరే నిలబడి, "నీ బోడిగుండు మీదైనా మొలుస్తుందేమో గానీ ఇక్కడ మొలవదు తాతా! ఇది చచ్చింది" అని రాసుకుని పోయినాడు. వంగి చూడలేదు.

2. మొలవదన్నది నిజం కాదు. వయ్యారిభామ కలుపు నడుమెత్తు లేచింది, కింద పల్లేరు పాకింది. మా మనవరాలు జ్వరంతో పోయిన నాటి నుంచి దాని తల్లి, అంటే మా అమ్మాయి, ఆ వైపు తలుపు తీయలేదు. మాట్లాడటం కూడా మానేసింది.

3. కుళాయి పక్కన చాపంత మేర మాత్రం కలుపు కూడా రాలేదు. పిల్ల తాడాట ఆడీ ఆడీ నేల గట్టిపడిన చోటు అది. తెల్లవారుజామున అక్కడ తాడు నేలకు తగిలే చప్పుడు నాకు వినపడుతుంది. టప్పు, టప్పు. మా అమ్మాయికీ వినపడుతుందని, కాఫీ కప్పు నోటి దాకా వెళ్ళి ఆగిపోవడం చూసి తెలుసుకున్నాను. ఆ మాట ఇద్దరమూ ఎన్నడూ అనుకోలేదు. దీన్ని తమరు ఫిర్యాదుగా తీసుకోవద్దు.

4. అసలు సంగతి. "చచ్చింది" అన్న మాట కిటికీలోంచి విని మా అమ్మాయి తలుపు తీసుకుని బయటికి వచ్చింది. వచ్చింది బాబూ! కలుపు మధ్యన మోకాళ్ళ మీద కూర్చుని, ఎండిన గరిక పిడికెడు పట్టుకుని లాగింది. వేరు చచ్చిన గడ్డైతే చేతికి ఊడి వస్తుంది. రాలేదు.

"నాన్నా, ఇలా రా! వదలట్లేదు. లోపల నుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉంది" అంది.

"నువ్వు సరిగ్గా లాగలేదేమోనే" అన్నాను, ఆ గొంతు ఇంకోసారి విందామని.

"అయితే నువ్వు లాగు, పెద్ద పహిల్వానువి!" అని నవ్వింది. నవ్వింది అయ్యా! నేనూ లాగాను. ఊడలేదు.

5. నాటి నుంచి ఇద్దరమూ కలుపు పీకి, నేల గునపంతో కదిపి, ఎండుటాకులు కప్పి, స్నానాల నీళ్ళు పోస్తున్నాము. పిల్ల ఆడిన చోట గునపం తాకనివ్వలేదు. నీళ్ళు చాలడం లేదు. సోమవారం కంకర బండి వస్తుందని నోటీసు. కంకర పడితే మా అమ్మాయి మళ్ళీ తలుపు వేసుకుంటుంది. ఈసారి ఏం చెప్పి తీయించను?

కావున వారానికి ఒక్క పూట నీళ్ళు వదిలించి, తమరే స్వయంగా వచ్చి, గరిక ఎక్కడైనా సరే పట్టుకుని లాగి చూసి, ఆ తరువాతే బతికుందో చచ్చిందో రాయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఇదంతా నిదానంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కూతురు నవ్విన ఇంటి ముసలివాడు

మరొక మాట: కవరు అంటించి మళ్ళీ చించాను. ఈ తెల్లవారుజామున తాడు చప్పుడు రాలేదు. ఇద్దరమూ పరుగెత్తాము. ఆ గట్టినేల మధ్యన ఒకే ఒక్క పచ్చటి మొలక. అలవాటు కొద్దీ వంగి చెయ్యి చాపాను. మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు నాన్నా. దాన్ని మాత్రం లాగి చూడకు."

తమరు వచ్చినప్పుడు తమరు కూడా.